9 లక్షల్లో హుషారైన చిన్న కారు: కొత్త స్విఫ్టా, వాడిన ఐ20 ఎన్ లైనా? మన ఘాట్ రోడ్ల లెక్కలో నా సమాధానం

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను. చేతిలో 9 లక్షలున్నాయి. ఇల్లు తిరుపతిలో కరకంబాడి రోడ్డు వైపు. రోజూ ఆఫీసుకి పోనూ రానూ ఓ ఇరవై కిలోమీటర్లు, నెలకోసారి తిరుమల కొండకి, రెండు వారాలకోసారి చిత్తూరు, పలమనేరు మీదుగా బెంగళూరు. బండి తోలడమంటే నీకు ఇష్టం. కొత్త స్విఫ్ట్ తీసుకోవాలా, రెండు మూడేళ్ళు తిరిగిన హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ (ఐ20లోనే టర్బో ఇంజన్, గట్టి సస్పెన్షన్ ఉన్న హుషారు రకం) తీసుకోవాలా, మలుపుల్లో ఏది బాగా నిలబడుతుంది అని అడిగావు. చివర్లో, వెనక సీట్లో కూర్చునే నాన్నగారికి నడుం నొప్పి ఉంది, గట్టి సస్పెన్షన్ (కుదుపులు మింగే స్ప్రింగులు, షాకులు) ఆయనకి కష్టమవుతుందా అన్నావు.

సూటిగా చెప్తా. 2023 సెప్టెంబర్ తర్వాత వచ్చిన ఆరు గేర్ల మాన్యువల్ ఎన్ లైన్, కింద నేను చెప్పే పరీక్షలన్నీ దాటితే, అదే తీసుకో. ఒక్క పరీక్షలో తేడా వచ్చినా వదిలేసి కొత్త స్విఫ్ట్‌కి పో. స్విఫ్ట్ తీసుకుంటే మాత్రం సైడు స్టిక్కర్లు, స్పాయిలర్లు అని డబ్బులు పెట్టొద్దు. ఆ డబ్బు టైర్లకి పెట్టు. ఎందుకో వివరంగా రాస్తాను, కాస్త ఓపిగ్గా చదువు.

నేను రేణిగుంట రోడ్డులో వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం), సస్పెన్షన్ పని చేయబట్టి 21 ఏళ్ళయింది. అంతకుముందు ఐదేళ్ళు కొండకి టాక్సీ తోలాను. కాబట్టి నేను చెప్పేది ఎక్కువగా బండి కింద పడుకుని చూసిన సంగతులు, మిగిలినవి స్టీరింగ్ పట్టుకుని నేర్చుకున్నవి.

ముందు ఒక మాట తేల్చుకుందాం. తిరుమల ఘాట్‌లో వేగానికి చోటు లేదు. పైకి 28 నిమిషాలకంటే ముందు, కిందికి 40 నిమిషాలకంటే ముందు చేరితే జరిమానా. లెక్కవేస్తే ఎక్కేటప్పుడు సగటున గంటకి 40 కిలోమీటర్లు కూడా దాటదు, దిగేటప్పుడు 30 లోపే. ఇది ఉండాల్సిన నియమమే. నడిచి వచ్చే భక్తులు, బస్సులు, ఒక్కోసారి రోడ్డు మీదికి వచ్చే జింకలు, అన్నీ ఆ దారిలోనే. అందుకే నువ్వు "స్పోర్టీ" అన్న మాటని ఇక్కడ వేరేగా అర్థం చేసుకోవాలి. గంటకి 35 లో కూడా బండి నీ చేతి మాట వెంటనే విందా, బ్రేక్ పెడల్ నీ కాలికి సరిగ్గా బదులిచ్చిందా, మలుపు మధ్యలో గుంత తగిలితే చక్రం నేలని వదలకుండా ఉందా, ఇవే బండి ఆనందం. ఇంజన్ శక్తి 120 పీఎస్ ఉందా 82 ఉందా అన్నది ఆ తర్వాతి సంగతి.

అయినా పికప్ సంగతి కూడా చూద్దాం, ఎందుకంటే బెంగళూరు దారిలో అది నీకు నిజంగా పనికొస్తుంది. 2024 మేలో వచ్చిన స్విఫ్ట్‌లో 1,197 సీసీ మూడు సిలిండర్ల ఇంజన్. సుమారు 82 పీఎస్ శక్తి, 112 ఎన్ఎమ్ టార్క్ (చక్రాల్ని తిప్పే బలం). ఆ టార్క్ పూర్తిగా దొరికేది 4,300 ఆర్‌పీఎమ్ (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర. ఎన్ లైన్‌లో ఉన్నది 998 సీసీ టర్బో (పొగ ఒత్తిడితో ఇంజన్‌లోకి గాలి ఎక్కువ నెట్టే ఏర్పాటు), 120 పీఎస్, 172 ఎన్ఎమ్. జనం 120కీ 82కీ తేడా చూసి మాట్లాడతారు. నేను మాత్రం 172 ఎన్ఎమ్ ఎక్కడినుంచి ఎక్కడిదాకా దొరుకుతుందో చూస్తాను: 1,500 నుంచి 4,000 దాకా. అంటే రోజూ మన కాలు ఉండే చోటే.

మొగిలి ఘాట్ తీసుకో. బంగారుపాళెం దాటి పలమనేరు వైపు ఎక్కుతున్నావు. బండిలో నలుగురు, ఏసీ నడుస్తోంది, ముందు గ్రానైట్ దిమ్మెలు మోసుకుపోయే లారీ. స్విఫ్ట్‌లో మూడో గేరులో కాలు వత్తితే బండి ఆలోచిస్తుంది. రెండుకి దింపి, ఇంజన్ని 4,500 దాకా అరిపించి దాటాలి. దాటుతుంది, కానీ ముందే లెక్క వేసుకుని గేరు మార్చి ఉండాలి. ఎన్ లైన్‌లో మూడో గేరులోనే 2,000 దాటగానే లాక్కుపోతుంది. లారీ పక్కన గడిపే సమయం తగ్గుతుంది. ప్రాణానికి సంబంధించిన తేడా ఇది. జూన్ నెలలో చిత్తూరు చుట్టుపక్కల తోతాపురి మామిడి ట్రాక్టర్లు జ్యూస్ ఫ్యాక్టరీల ముందు బారులు తీరి ఉంటాయి కదా, ఒకదాన్ని దాటి మళ్ళీ లోపలికి రావడం, మళ్ళీ ఇంకొకటి. అట్లాంటి చోట ఈ మధ్య ఆర్‌పీఎమ్ బలం ఎంత సుఖమో తోలితే తెలుస్తుంది.

టర్బోకి ఒక గుణం ఉంది, అది తెలియకుండా ఘాట్‌కి పోవద్దు. 1,500 కంటే కింద ఆ ఇంజన్ నిద్రలో ఉన్నట్టే. బిగుతు మలుపులో మూడో గేరులో పడిపోయి, బయటికి వచ్చేటప్పుడు కాలు గట్టిగా వత్తితే మొదట ఏమీ రాదు, నువ్వు ఇంకా వత్తుతావు, అప్పుడు ఒక్కసారిగా వస్తుంది. బండి ముందు చక్రాలతో నడిచేది. ఆ చక్రాలు అప్పటికే బండిని తిప్పే పనిలో ఉన్నాయి, పైనుంచి లాగే పని కూడా పడింది. ఎక్కుడులో బరువు వెనక్కి పోయి ముందు టైర్ల మీద ఒత్తిడి తగ్గి ఉంటుంది కూడా. దాంతో ముక్కు మలుపు బయటికి, అంటే ఎదురు వరుసలోకి జారుతుంది. దీన్నే అండర్‌స్టీర్ అంటారు. మందు చాలా సులువు: మలుపు రాకముందే రెండో గేరుకి దింపు, మలుపు మధ్యలో కాలు నిలకడగా పెట్టు, చక్రాలు తిన్నగా అయ్యాకే వత్తు. ఎవరైనా "మలుపులో బండి బయటికి లాగుతోంది, అలైన్‌మెంట్ చూడన్నా" అని వస్తే, నేను పక్కన కూర్చుని ఓ రౌండు పోయి వస్తాను. పదిలో నాలుగు సార్లు దోషం బండిది కాదు, కాలిది.

ఇప్పుడు అసలు విషయం, టైర్లు. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే షోరూమ్‌లో దీని గురించి ఎవరూ చెప్పరు.

స్విఫ్ట్ కింది వేరియంట్లకి 165/80 ఆర్14 టైర్లు వస్తాయి. పై వేరియంట్లకి 185/65 ఆర్15. ఎన్ లైన్‌కి 195/55 ఆర్16. చూడ్డానికి మూడూ వేర్వేరు సైజుల్లా ఉన్నాయి కదా, లెక్కవేసి చూడు. మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. రెండోది ఆ వెడల్పులో టైరు గోడ ఎత్తు ఎంత శాతమో చెప్తుంది. చివరిది రిమ్ము అంగుళాల్లో. లెక్కిస్తే మూడు టైర్ల మొత్తం ఎత్తూ దాదాపు 620 మిల్లీమీటర్లే, అటూ ఇటూ ఒకటి రెండు. మారింది గోడ ఎత్తు మాత్రమే: 132, 120, 107 మిల్లీమీటర్లు.

మలుపులో బండి బరువంతా బయటివైపు టైరు మీద పడినప్పుడు గోడ పక్కకి వంగుతుంది. గోడ ఎంత ఎత్తుంటే అంత వంగుతుంది. నువ్వు స్టీరింగ్ తిప్పావు, రిమ్ము తిరిగింది, గోడ వంగి తేరుకున్నాక గానీ నేలకి ఆనిన రబ్బరు తిరగదు. ఆ చిన్న ఆలస్యాన్నే మనం "బండి సోమరిగా ఉంది" అంటాం. ఎన్ లైన్ స్టీరింగ్ చురుగ్గా అనిపించడానికి కంపెనీ మార్చిన స్టీరింగ్ సెట్టింగ్, గట్టిపరిచిన సస్పెన్షన్ ఎంత కారణమో ఈ 107 మిల్లీమీటర్ల గోడ కూడా అంతే కారణం. అదే గోడ మన ఊరి గుంతల దగ్గర శత్రువు. గోడ తక్కువైతే గుంత అంచుకీ రిమ్ముకీ మధ్య ఉండే మెత్త తగ్గిపోతుంది. అలాయ్ రిమ్ము వంగిందనో, గోడ మీద గుడ్డులా ఉబ్బు వచ్చిందనో వానాకాలం అయ్యాక నా దగ్గరికి వచ్చే బండ్లలో ఎక్కువ ఇట్లాంటి పలుచని టైర్లవే.

కాబట్టి స్విఫ్ట్ తీసుకుంటే నా సలహా ఇదీ. 14 అంగుళాల వేరియంట్ తీసుకుని తర్వాత మార్పించేకన్నా, కుదిరితే మొదటే 185/65 ఆర్15 ఉన్న వేరియంట్ తీసుకో. ఒరిజినల్ టైర్లు అరిగాక అదే సైజులో తడి రోడ్డు పట్టు బాగున్న టైరు వేయించు. 17 అంగుళాల రిమ్ము జోలికి పోవద్దు. ఇక్కడ కాలేజీ పిల్లలు స్విఫ్ట్‌లకి 17 వేయించుకుని, స్ప్రింగులు కోయించి బండిని కిందికి దింపి తెస్తారు. స్ప్రింగు కోస్తే సస్పెన్షన్ కదలిక సగమైపోతుంది, మలుపులో గుంత తగిలితే షాక్ పూర్తిగా కూలబడి చక్రం ఎగిరిపడుతుంది. చూడ్డానికి రేసు కారులా ఉంటుంది గానీ కంపెనీ బండి కంటే పట్టు తక్కువ. ఒక అబ్బాయి అట్లా దింపిన బండిని లీలామహల్ సర్కిల్ దగ్గర స్పీడ్ బ్రేకర్ మీదుగా దాటించబోయి ఆయిల్ సంపు పగలగొట్టుకున్నాడు. ఆయిలంతా పోయినా తెలియక ఇంకో రెండు కిలోమీటర్లు తోలాడు. ఇంజన్ పోయింది. వాళ్ళ నాన్న నా షాపులో కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే నాకూ కడుపు తరుక్కుపోయింది.

టైరు గాలి సంగతి. డోరు తీస్తే పక్కన స్టిక్కరు మీద ఎంత పెట్టాలో ఉంటుంది, అదే ప్రమాణం. పెట్రోల్ బంకు కుర్రాడు అన్ని బండ్లకీ ఒకే అంకె పెడతాడు, అది నమ్మొద్దు. పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడే చూడు. మే నెలలో తిరుపతి ఎండలో పార్కు చేసి, పది కిలోమీటర్లు తోలి, అప్పుడు చూసి ఎక్కువుందని తీసేస్తే చల్లారాక తక్కువైపోతుంది. రెండు టైర్లే మారుస్తున్నావంటే కొత్తవి వెనకకి వేయించు. ముందు చక్రాలు జారితే కాలు తీస్తే సర్దుకుంటుంది, వానలో వెనక జారితే బండి గిర్రున తిరుగుతుంది, మామూలు డ్రైవరు దాన్ని ఆపలేడు. చాలామంది దీనికి ఒప్పుకోరు, "ముందే కదన్నా అరిగేది" అంటారు. నేను మాత్రం ఈ మాట మీద వెనక్కి తగ్గను. నవంబర్, డిసెంబర్ వానల్లో మన ఘాట్లు ఎట్లా ఉంటాయో నీకూ తెలుసు. 2021 డిసెంబర్ మొదట్లో బండరాళ్ళు పడి పైకి పోయే దారి మూసేసిన రోజులు గుర్తున్నాయా? ఆ కాలంలో మట్టి నీళ్ళు రోడ్డు మీదికి వచ్చి, మలుపు లోపలివైపు సన్నటి బురద పొర ఉంటుంది.

ఇక బ్రేకులు. ఇది నా సొంత అనుభవంతో మొదలుపెడతాను. టాక్సీ తోలే రోజుల్లో, నాకు అప్పుడు 24 ఏళ్ళు, బండి నిండా మనుషులతో కొండ దిగుతున్నాను. డీజిల్ మిగులుతుందని నాలుగో గేరులోనే, బ్రేకు మీద కాలు పెట్టి దిగడం అలవాటు. అవ్వాచారి కోన దగ్గర పెడల్ మెత్తగా అయిపోయింది. వత్తితే లోపలికి పోతోంది గానీ బండి ఆగడం లేదు. రెండు మూడు సార్లు పంపు కొట్టి, రెండో గేరుకి దింపి, హ్యాండ్ బ్రేకు కొద్దికొద్దిగా లాగుతూ కొండవైపు గోడకి ఆనించినంత పని చేసి ఆపాను. బండిలో ఉన్న పెద్దావిడ గోవిందా గోవిందా అంటూనే ఉంది. ఆ బండిలో బ్రేక్ ఆయిల్ కొన్నప్పటినుంచీ మార్చలేదని తర్వాత తెలిసింది. మార్చించాల్సింది నేనే. ఇప్పటికీ దిగేటప్పుడు అక్కగార్ల గుడి దగ్గర బండి నెమ్మది చేసి దండం పెట్టుకున్న ప్రతిసారీ ఆ రోజు గుర్తొస్తుంది.

ఆ రోజు ఏం జరిగిందో చెప్తాను, ఏ బండికైనా ఇదే వర్తిస్తుంది. మనుషులతో కలిపి 1,300 కిలోల బండి తిరుమల నుంచి అలిపిరికి దాదాపు 700 మీటర్ల ఎత్తు దిగుతుంది. ఆ ఎత్తులో దాగున్న శక్తి ఎంతంటే, 30 లీటర్ల మామూలు నీళ్ళని మరిగే దాకా కాచవచ్చు. అందులో కొంత గాలి, రోడ్డు రాపిడి తినేస్తాయి. మిగతాది ఇంజనైనా మింగాలి, బ్రేకులైనా మింగాలి. నువ్వు పై గేరులో దిగితే అంతా డిస్కుల మీదే. ఆ వేడి కేలిపర్‌లోంచి (డిస్కుని పట్టి నొక్కే భాగం) బ్రేక్ ఆయిల్‌కి చేరుతుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. కానీ ఈ ఆయిల్ గాలిలోని తేమని పీలుస్తుంది. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి, బుడగ నొక్కితే నొక్కుకుంటుంది, పెడల్ నేలకి పోతుంది.

కాబట్టి రెండేళ్ళకోసారి బ్రేక్ ఆయిల్ మార్పించు, కొండ దిగేటప్పుడు రెండో గేరులో దిగు, న్యూట్రల్ అన్న మాటే మర్చిపో. బ్రేకు కాసేపు గట్టిగా వత్తి వదులు, మళ్ళీ వత్తు. మెత్తగా వత్తి పట్టుకునే ఉంటే చల్లారే సమయమే ఉండదు. ఎన్ లైన్‌కి నాలుగు చక్రాలకీ డిస్కులున్నాయి, స్విఫ్ట్‌కి వెనక డ్రమ్ములు. ఆపే పనిలో సింహభాగం ముందువే కాబట్టి ఒక్కసారి గట్టిగా బ్రేకు వేస్తే తేడా పెద్దగా తెలియదు. పదే పదే వేసే ఘాట్ దిగుడులో మాత్రం గాలి తగిలే డిస్కు త్వరగా చల్లారుతుంది. ఆ మేరకు ఎన్ లైన్‌ది పైచేయి. అయితే స్విఫ్ట్ 900 కిలోల పైచిలుకు తేలికైన బండి. తక్కువ బరువు అంటే ఆపాల్సింది కూడా తక్కువే. ఇది స్విఫ్ట్‌కి పెద్ద వరం, దాన్ని తీసిపారేయొద్దు. భాకరాపేట ఘాట్‌లో స్విఫ్ట్ ముక్కు ఎటు చూపిస్తే అటు పోతుంది, చిన్న పిల్లాడి చెయ్యి పట్టుకుని నడిపించినట్టు ఉంటుంది. నాకు దానిలో నచ్చనిది ఒకటే: మలుపు అయ్యాక స్టీరింగ్ తనంతట తాను మధ్యకి రావడానికి బద్ధకిస్తుంది, హైవేలో వంద దగ్గర తేలిగ్గా ఉండి గాలివాటుకి కొద్దిగా అల్లాడుతుంది. ఎన్ లైన్ అక్కడ బరువుగా, రోడ్డుని పట్టుకున్నట్టు ఉంటుంది. నీ బెంగళూరు ప్రయాణాలకి ఇది నచ్చుతుంది.

మాన్యువలే ఎందుకన్నానో చెప్పాలి. 2021లో ఎన్ లైన్ వచ్చినప్పుడు క్లచ్ పెడల్ లేని ఐఎమ్‌టీ, లేదంటే ఏడు గేర్ల డీసీటీ ఆటోమేటిక్ ఉండేవి. 2023 సెప్టెంబర్‌లో ఐఎమ్‌టీ పోయి మామూలు ఆరు గేర్ల మాన్యువల్ వచ్చింది, ఆరు ఎయిర్‌బ్యాగులు కూడా అన్ని వేరియంట్లకీ ఇచ్చారు. డీసీటీ గేర్లు మార్చే వేగం అద్భుతం, ఖాళీ రోడ్డు మీద నాకూ ఇష్టమే. కానీ అది ఆయిల్లో మునగని పొడి క్లచ్. శనివారం అలిపిరి తనిఖీ దగ్గర ముప్పావుగంట అంగుళం అంగుళం పాకించి, వెంటనే ఎక్కుడు ఎక్కిస్తే క్లచ్ వేడెక్కుతుంది. ముందు ఖాళీ వదిలి, కదిలినప్పుడు పూర్తిగా కదిలించడం తెలిసినవాళ్ళు ఏళ్ళ తరబడి వాడుకుంటారు. పాత యజమానికి అది తెలుసో లేదో నీకు తెలియదు కదా. వాడిన బండి అన్నప్పుడు ఆ సందేహం లేని మాన్యువల్ మేలు.

ఇప్పుడు పరీక్షలు. బండి చూడ్డానికి పొద్దున్నే పో, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే. వాళ్ళు ముందే స్టార్ట్ చేసి వేడి చేసి పెట్టారంటే ఎందుకని అడుగు. సర్వీసు చరిత్రలో ఇంజన్ ఆయిల్ సమయానికి మార్చారా చూడు. టర్బో బతికేది ఆ ఆయిల్ మీదే, ఇందులో ఒక్కసారి ఎగ్గొట్టినట్టున్నా నేనైతే తీసుకోను. పొగగొట్టంలోంచి నీలిపొగ వస్తే ఇక మాట్లాడాల్సింది లేదు.

క్లచ్ పరీక్ష: ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో 40కి రా, కాలు పూర్తిగా వత్తు. ఆర్‌పీఎమ్ ముల్లు లేచి, వేగం దానితో పాటు పెరగకపోతే క్లచ్ జారుతోంది. ఈ పరీక్షలో తేడా వస్తే ఒక్కోసారి వెనక ఇంకో కథ ఉంటుంది, ఇంజన్ కంప్యూటర్‌లో రీమ్యాప్ చేయించి శక్తి పెంచి ఉంటారు. అమ్మే ముందు మళ్ళీ పాత మ్యాప్ వేసేస్తారు. రీమ్యాప్ చేసిన బండి ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

తర్వాత బండిని అలైన్‌మెంట్ మిషన్ ఎక్కించు. ఎక్కడైనా సరే, ఎక్కించి ప్రింటు తీసుకో. ఎడమ, కుడి కేంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలిన కోణం) అంకెలు పక్కపక్కన చూడు. తేడా అర డిగ్రీ లోపుంటే పరవాలేదు. ఒక డిగ్రీ దాటిందంటే సస్పెన్షన్‌లో లోయర్ ఆర్మో, స్ట్రట్టో, ఇంకా లోపల ఏదో వంగి ఉంటుంది. పోయిన ఏడాది ఒకాయన మెరిసిపోయే ఎర్ర బండి తెచ్చాడు, పక్క రాష్ట్రంలో కొన్నాడు, పెయింటు కొత్త పెళ్ళికూతురిలా ఉంది. ప్రింటు తీస్తే ముందు ఎడమ చక్రం కేంబర్ కుడిదానికంటే డిగ్రీన్నర తేడా. వీల్ ఆర్చి లోపల లైటు వేసి చూస్తే వెల్డింగ్ మచ్చ. అమ్మినవాడు ఫోన్ ఎత్తడం మానేశాడు. కొనేముందు ఆ ప్రింటు తీసి ఉంటే అక్కడే ఆగిపోయేవాడు.

టైరు గోడ మీద చిన్న దీర్ఘవృత్తంలో నాలుగంకెలుంటాయి. 3123 అంటే 2023లో 31వ వారంలో తయారైందని. నాలుగు టైర్ల తేదీలూ దగ్గరగా ఉన్నాయా, ఒక్కటే వేరే ఏడాదిదా? ఒక్కటే కొత్తదైతే, అది ఏ మూలదో చూసి ఆ మూల సస్పెన్షన్ ఇంకోసారి తడిమి చూడు. టైరు లోపలి అంచు మాత్రమే అరిగితే టో (చక్రాలు ముందువైపు లోపలికో బయటికో తిరిగిన కోణం) తేడా. డిస్కు అంచు మీద వేలు పెట్టి చూస్తే మెట్టులా తగిలిందంటే డిస్కులు మార్చే ఖర్చు బేరంలో తగ్గించు.

తోలి చూడ్డానికి వాళ్ళు చూపించే నున్నటి బైపాస్ చాలదు. శ్రీనివాస సేతు మీద జాయింట్లు దాటించు, కిటికీలు దించి విను. ప్రతి జాయింటుకీ ఒకే ఒక్క "టక్" వినపడాలి. టక్ తర్వాత గలగల వస్తే సస్పెన్షన్‌లో లింకు రాడ్డో బుష్షో పోయినట్టు. ఆపైన జూపార్కు రోడ్డు వైపు తీసుకుపోయి 60 దగ్గర స్టీరింగ్ తేలిగ్గా వదిలి చూడు, తిన్నగా పోవాలి. దయచేసి తిరుమల ఘాట్‌ని టెస్ట్ డ్రైవ్‌కి వాడొద్దు.

బెంగళూరులో కొంటావేమో, అక్కడ ఇట్లాంటి బండ్లు ఎక్కువ, రేటూ కాస్త తక్కువే కనిపిస్తుంది. కేఏ నంబరు బండి అయితే ఎన్ఓసీ (అక్కడి ఆర్టీఓ ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకుని ఇక్కడ మళ్ళీ రిజిస్టర్ చేయించాలి, మన దగ్గర లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అక్కడ కట్టినదాంట్లో మిగిలింది వాపసు అడగాల్సింది ఆ రాష్ట్రంలో, దాన్ని వసూలు చేసుకోవడం తిరుగుడు పని. ఆ ట్యాక్స్ కలిపి లెక్కవేసుకున్నాకే చవకో కాదో తేల్చుకో. బ్యాంకు లోన్ తీరిపోయిందని ఆర్‌సీలో హైపోథికేషన్ తీసేసి ఉండాలి. ఇంకొకటి, 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బండ్లు ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్‌కి తట్టుకునే భాగాలతో వచ్చాయి, ఇప్పుడు మన బంకుల్లో పోసేది అదే. నేను 2023 చివరి బండ్లే చూడమనడానికి అది కూడా ఒక కారణం.

నీ స్నేహితుడు టాటా ఆల్ట్రోజ్ రేసర్ తీసుకోమన్నాడని కూడా రాశావు. 2024 జూన్‌లో వచ్చింది, 120 పీఎస్, 170 ఎన్ఎమ్, ఆరు గేర్ల మాన్యువల్. మంచి బండి, హైవేలో గట్టిగా నిలబడుతుంది. వాడినవి నీ బడ్జెట్లో దొరికితే నేను చెప్పిన పరీక్షలే దానికీ పెట్టు. పాత ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ మీద మనసుందని కూడా అన్నావు. స్టీరింగ్ పట్టుకుంటే వదలబుద్ధి కాని బండి అది, నాకు చాలా ఇష్టం. కానీ 2022లో ఆ మోడల్ తయారీ ఆగిపోయింది, నీకు రోజూ ఆఫీసుకి పోయే బండి కావాలి. ఇంట్లో ఇంకో బండి ఉంటే ఆలోచించు.

ఖర్చు మాట కూడా దాచను. స్విఫ్ట్ మాన్యువల్‌కి కంపెనీ చెప్పేది లీటరుకి 24.8 కిలోమీటర్లు, రోడ్డు మీద అంత రాకపోయినా ఈ రెండింట్లో పొదుపైనది అదే. ఎన్ లైన్ టర్బో బలాన్ని వాడుకున్నంతసేపూ పెట్రోల్ తాగుతుంది, ట్యాంకు 37 లీటర్లే, బంకుకి తరచూ పోతావు. నెలకి నువ్వు తిరిగే పదిహేను వందల కిలోమీటర్లకి ఆ తేడా ఎంతో ముందే లెక్కవేసి అమ్మకో, ఇంట్లోవాళ్ళకో చెప్పేయి.

ఇక నాన్నగారి నడుం. ఎన్ లైన్ సస్పెన్షన్ మామూలు ఐ20 కంటే గట్టిదే, నిజం. అయితే నడుం నొప్పి ఉన్నవాళ్ళకి బాధ కలిగించేవి రెండు రకాలు. ఒకటి గుంతలో పడ్డప్పుడు వచ్చే కుదుపు. రెండోది మెత్తటి బండి హైవేలో తేలుతూ, మలుపుల్లో ఊగుతూ ఉంటే నడుం కండరాలు గంటల తరబడి బిగబట్టుకుని ఉండడం. ఊళ్ళో, 30 లోపు వేగంలో ఎన్ లైన్ కుదుపు ఆయనకి తెలుస్తుంది. బెంగళూరు హైవే మీద, ఘాట్‌లో మాత్రం ఊగకపోవడం వల్ల తక్కువ అలసిపోతారు. మా నాన్నకి వెన్నులో డిస్కు సమస్య ఉండేది, మెత్తటి పెద్ద బండ్లలో కంటే గట్టిగా నిలబడే చిన్న బండిలోనే హాయిగా ఉందనేవాడు. అందరికీ అట్లాగే ఉంటుందని చెప్పలేను. అందుకే ఎన్ లైన్ చూడ్డానికి పోయేటప్పుడు ఆయన్నీ తీసుకుపో. వెనక సీట్లో ఎడమవైపు కూర్చోబెట్టి అరగంట తిప్పు, అందులో పది నిమిషాలు అన్నమయ్య సర్కిల్ చుట్టుపక్కల గతుకుల సందుల్లో పోవాలి. వేసుకునే నడుం బెల్టు, సీటు వెనక పెట్టుకునే దిండు ఉంటే అవీ తీసుకురమ్మను. దిగాక "ఎట్లుంది నాన్నా" అని వెంటనే అడగొద్దు, కొడుకు ముచ్చటపడుతున్నాడని బాగుందనే చెప్తారు. మర్నాడు పొద్దున లేచాక అడుగు. ఆయన నొప్పి పెరిగిందంటే మిగతా లెక్కలన్నీ పక్కన పెట్టి, 185/65 ఆర్15 టైర్లున్న స్విఫ్ట్ బుక్ చేసెయ్యి.